మూడుసార్లు తట్టిన తలుపు

మా బావకి అబద్ధం ఆడటం చేతకాదు. ఆడబోతే ముందు చెవులు ఎర్రబడతాయి, తర్వాత మాట తడబడుతుంది, చివరికి తనే నవ్వేసి నిజం కక్కేస్తాడు. పేకాటలో ఆయన్ని ఎవరూ జట్టులో కలుపుకోరు. శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటా యాభైకి, క్యాంపు వంటగదిలో, నేను ఆ చెవులనే చూస్తూ కూర్చున్నాను. బావ కుడిచేతికి బేడీ ఉంది. దాని రెండో కొస బెంచీ కాలికి ఉంది.

"మళ్ళీ చెప్పు బావా. బుధవారం, పన్నెండున్నర."

"ఎన్నిసార్లు చెప్పను మరదలా? కంటెయినర్ తలుపు మూశాను. తాళంచెవుల గుత్తితో మూడుసార్లు తట్టాను. 'లోపలెవరైనా ఉన్నారా' అని అడిగాను. ఎవరూ పలకలేదు. పది లెక్కపెట్టాను. తాళం వేశాను."

"పది ఎందుకు?"

"ఎవరైనా కునుకు తీస్తుంటే లేవడానికి టైమివ్వాలి కదా."

చెవులు మామూలుగానే ఉన్నాయి. ఈ తట్టుడు సంగతి నాకు కొత్త కాదు. ఇరవై ఏళ్ళ క్రితం ఒక గోడౌన్‌లో కాపలా చేస్తున్నప్పుడు, చూసుకోకుండా ఒక పిల్లిని లోపల పెట్టి తాళం వేశాడు. వారం తర్వాత తలుపు తీశాక మూడు రోజులు అన్నం మానేశాడు. అప్పట్నుంచి తాళం వేసినా, తీసినా ముందు మూడుసార్లు తట్టాల్సిందే. ఇంట్లో బీరువాకి కూడా తడతాడని మా అక్క నవ్వేది.

అదే తలుపు బుధవారం సాయంత్రం నాలుగూ పదికి తీసింది కూడా బావే. తీస్తే గడప దగ్గర చిన్న మేడమ్ పడి ఉంది. క్యాంపులో అందరూ అలాగే పిలిచేవారట. చేరి మూడు వారాలైన జియాలజిస్టు, ఇరవై ఆరేళ్ళ పిల్ల. ఇనప డబ్బాలో ఎండకి ఉడికి, రెండుకీ మూడుకీ మధ్య ప్రాణం పోయిందని డాక్టరు రాశాడు. లోపల మనిషి ఉందో లేదో చూడకుండా తాళం వేసి చంపాడని బావ మీద కేసు. ఇవాళ నాలుగింటికి పోలీసు జీపు కదిలిందంటే ఇక ఆయన్ని జైలు గేటు దగ్గర చూడాల్సిందే.

నన్ను పిలిపించింది మా అక్క. అక్క అంటే పెద్దమ్మ కూతురు. ఈ క్యాంపులో వంట ఆవిడది, కాపలా బావది. ఫోన్‌లో ఒకటే ఏడుపు. తీరా నేను వచ్చాక మాత్రం పొయ్యి వైపు తిరిగి నిలబడింది, నా మొహం చూడటం లేదు. మొగుడికి బేడీ పడితే ఏ ఆడదానికైనా అంతేలే అనుకున్నాను. అలా అనుకోవడం నా తెలివితక్కువతనం.

"తాళం వేశాక ఎక్కడికెళ్ళావు?"

"బోరు వేసే రిగ్గుకి. పన్నెండూ ముప్పావుకి క్యారియర్లు బండికి తగిలించుకుని బయల్దేరాను. రోజూ వెళ్ళేదే. ఒకటిన్నర కిలోమీటరు. కుర్రాళ్ళు తిన్నాక రాళ్ళ ట్రేలు ట్రాక్టర్లో వేయించుకుని నాలుగింటికి తిరిగొచ్చాను."

"తాళంచెవులు?"

"నా మొలలో. రోజూ ఇదిగో, ఈ మేకుకి తగిలించి వెళ్ళేవాణ్ణి. ఇలా వదిలేస్తే ఎలా అని మంగళవారం మేనేజర్ గారు గట్టిగా కేకలేశారు. అందుకని బుధవారం వెంట తీసుకెళ్ళాను."

పొయ్యి దగ్గర గరిటె కిందపడింది. అక్క వంగి తీసుకుంది.

"రెండో తాళంచెవి?"

"మేనేజర్ గారి సొరుగులో ఉంటుంది."

వంటగది కిటికీ బయట, చూరుకి ఒక విరిగిన డ్రిల్లు రాడ్డు వేలాడుతోంది. పక్కనే సుత్తి. అక్క దాన్ని ఐదుసార్లు కొడితే భోజనాలు బయల్దేరాయని రిగ్గు దగ్గరివాళ్ళకి గుర్తట. ఆపకుండా కొడితే ప్రమాదం. రిగ్గు ఆపేసి అందరూ పరుగెత్తుకు రావాలి. బుధవారం అది ఆపకుండా మోగింది నాలుగూ పన్నెండుకి.

గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. ఇన్‌స్పెక్టర్ దగ్గు నాకు తెలుసు. రెండేళ్ళ క్రితం లిఫ్టు కేసులో ఆయన పట్టుకొచ్చిన హంతకుడు హత్య జరిగిన సమయానికి ఆసుపత్రిలో అపెండిక్స్ తీయించుకుంటున్నాడని నేను నిరూపించాను. ఆ రోజు నుంచి నన్ను చూస్తే ఆయనకి దగ్గొస్తుంది.

"డిటెక్టివ్ గారూ, బంధుప్రీతి కళ్ళకి గంతలు కడుతుందంటారు."

"మీకా ఇబ్బంది లేదు. గంతలు డిపార్ట్‌మెంటే ఇచ్చింది."

"నాలుగింటికి జీపు కదుల్తుంది. అప్పటిదాకా మీ సరదా మీది."

"సరదాగా ఒకటి అడగనా? మీరు తీయించిన శవం ఫొటోలో ఆ పిల్ల జుట్టు విరబోసుకుని ఉంది. రోజూ జడ వేసుకుని నీలం రంగు బ్యాండు పెట్టుకునేదని మా అక్క చెప్పింది. మీ జాబితాలో వాచీ ఉంది, పెన్ను ఉంది, భూతద్దం ఉంది, ఖాళీ నీళ్ళ సీసా ఉంది. బ్యాండు లేదు."

"మనిషి పోయి ఏడుస్తుంటే మీరు జడబ్యాండు వెతుకుతున్నారు."

"మీరు మనిషిని వెతికారుగా. దొరికింది మా బావ."

ఆయన మళ్ళీ దగ్గాడు.

మేనేజర్ ఆఫీసు పక్క షెడ్డులోనే. ఇన్‌స్పెక్టర్ నా వెనకే వచ్చాడు, నేనేదైనా ఎత్తుకుపోతానేమో అన్నట్టు. మేనేజర్ మెత్తటి మనిషి. ప్రతి మాటకీ ముందు కళ్ళద్దాలు తుడుచుకుంటాడు. మరీ మెత్తగా మాట్లాడేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ చిరాకు.

"ఇక్కడ మీరు చేసే పనేంటో నాకర్థమయ్యేలా చెప్పండి," అన్నాను.

"నికెల్ వెతుకుతున్నామండీ. ఇది గ్రీన్‌స్టోన్ పట్టీ. చాలా పాతకాలపు రాయి. నికెల్ ఉండొచ్చు. కానీ ఒక్క బండ కూడా పైకి కనిపించదు. పైనంతా ముప్పై నలభై మీటర్ల మట్టి. కింద ఏముందో తెలియాలంటే బోరు వెయ్యాల్సిందే. బోరులోంచి గుండ్రటి రాతి కడ్డీ వస్తుంది, కోర్ అంటాం. ఆ ముక్కల్ని వరసగా ట్రేల్లో పేర్చి కంటెయినర్లో దాస్తాం."

"అంటే కింద ఏముందో చెప్పే సాక్ష్యం ఆ ట్రేలే. ఇంకెక్కడా చూడ్డానికి లేదు."

"అంతేనండీ." కళ్ళద్దాలు తుడిచాడు. "తొమ్మిది బోర్లు వేశాం. ఐదో బోరులో నికెల్ తగిలింది. పోయిన నెల ఎనిమిదో దాంట్లోనూ తగిలింది. రెంటికీ మధ్య నాలుగు వందల మీటర్లు. అంటే ఆ పొడుగునా ఉండే అవకాశం ఉన్నట్టే. సోమవారం పెద్ద కంపెనీవాళ్ళు చూసుకోడానికి వస్తున్నారు."

"చిన్న మేడమ్‌కి ఆ కంటెయినర్లో ఏం పని?"

"ఏం పనీ లేదండీ. సోమవారం దాకా ట్రేలు ఎవరూ ముట్టుకోవద్దని చెప్పాను. వినలేదు. చిన్నపిల్ల, తొందరెక్కువ."

"మా బావ తాళం వేసినప్పుడు మీరక్కడే ఉన్నారట."

"పక్కనే ఉన్నాను. తలుపు లాగాడు, తాళం నొక్కాడు, పోయాడు. తట్టడం, అడగడం ఏమీ లేదు. ఆయన మీద నాకేం కోపం లేదండీ. ఎండ, ఆకలి, మర్చిపోయుంటాడు."

"తర్వాత?"

"ఆఫీసులోనే ఉన్నాను. నాలుగింటిదాకా ఫోన్లు."

గోడకి తగిలించిన జనరేటర్ పుస్తకం మీద నా కన్ను పడింది. బుధవారం: ఒంటిగంటా పది నుంచి మూడు దాకా.

"బుధవారం కరెంటు పోలేదని మా అక్క అంది. మరి జనరేటర్ ఎందుకు వేశారు?"

"టెస్టింగండీ. వారానికోసారి." ఈసారి తుడవడానికి కళ్ళద్దాలు కాస్త ఎక్కువసేపు పట్టాయి.

ఇన్‌స్పెక్టర్ నన్ను బయటికి లాక్కొచ్చినంత పని చేశాడు. "జడబ్యాండు అయింది, ఇప్పుడు జనరేటరా? విషయం ఒక్కటే. పన్నెండున్నరకి ఆ పిల్ల లోపల బతికే ఉంది. మీ బావ తట్టి ఉంటే పలికేది. పలకలేదంటే తట్టలేదు. లెక్క సరిపోయింది."

"తట్టినా లోపలికి వినపడలేదేమో?"

"అదీ చూసుకోండి మరి."

ఆ మాట ఆయన ఎగతాళికి అన్నాడు. నేను పట్టుకున్నాను. "సరే. నేను లోపలికెళ్తాను. బావ తలుపు మూసి, ఆ రోజు చేసినట్టే చేస్తాడు. ఐదు నిమిషాలు. తాళంచెవి మీ చేతిలో ఉండాలి, ఇంకెవరి చేతిలోనూ కాదు."

నేను లిఫ్టు ఎక్కను. ఆరో అంతస్తయినా మెట్లే. బాత్రూమ్ గడియ కూడా సగమే వేస్తాను. ఈ సంగతి ఇన్‌స్పెక్టర్‌కి లిఫ్టు కేసప్పుడే తెలిసింది. అందుకే, "మీరా?" అని పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు.

రెండూ ఇరవైకి తలుపు మూసుకుంది.

కంటెయినర్ నలభై అడుగుల పొడుగు. రెండు వైపులా ఇనప అరలు, అరల నిండా ట్రేలు, మధ్యలో ఒక మనిషి పట్టేంత సందు. పైన గోడకి నాలుగు చిన్న గాలి కన్నాలు తప్ప వెలుతురు లేదు. ఊపిరి పీలిస్తే ముక్కు లోపల కాలింది. ఎడమ చెయ్యి గోడకి తగిలితే పెనం ముట్టుకున్నట్టు వెనక్కి లాక్కున్నాను.

అప్పుడు బావ తట్టాడు.

ఒకటి, రెండు, మూడు. ఆ మోత నా పళ్ళలో తెలిసింది. "లోపలెవరైనా ఉన్నారా?" అన్న కేక పక్కన నిలబడి అరిచినంత స్పష్టంగా వినపడింది. చచ్చిన పిల్లి కూడా లేచి పలికేది.

"ఉన్నాను బావా!" అని అరిచాను.

"అదిగో! వినపడుతుందని చెప్పానా సార్!" బావ గొంతులో సంతోషం వినపడింది. పిచ్చిమొహం. వినపడితే ఇన్‌స్పెక్టర్ లెక్కే బలపడుతుందని ఆయనకి తట్టలేదు.

నాకు మాత్రం వేరే లెక్క తట్టింది. బావ చెవులు ఎర్రబడలేదు. కాబట్టి తట్టాడు. తడితే ఆ పిల్లకి వినపడింది. వినపడీ పలకలేదు. అంటే కావాలనే నోరు మూసుకుంది. తలుపవతల బావ పక్కన మేనేజర్ ఉన్నాడు. ముట్టుకోవద్దన్న ట్రేల మధ్య ఆయనకి దొరకడం ఆమెకి ఇష్టం లేదు. సరే, అయితే బయటికి ఎలా వద్దామనుకుంది? ఇనప డబ్బాలో తాళం వేయించుకుని కూర్చునేంత తెలివితక్కువది కాదు కదా. తలుపు తీసే మనిషి ఒకరున్నారు. ఎవరో మాటిచ్చారు.

వాచీ చూసుకున్నాను. రెండూ ఇరవై ఆరు. ఐదు నిమిషాలు దాటింది.

"ఇన్‌స్పెక్టర్ గారూ!" అని తలుపు బాదాను.

జవాబుగా జనరేటర్ మోగింది. కంటెయినర్‌కి ఆనుకునే ఉన్నట్టుంది, గోడలు వణికాయి. నా కేక నాకే వినపడలేదు. అర మీద కాలు పెట్టి గాలి కన్నంలోంచి చూస్తే ఆఫీసు గుమ్మం మీద బల్బు వెలుగుతూనే ఉంది. కరెంటు ఉండగానే వేశారు, బుధవారంలాగే.

భయపడ్డాను. దాచుకోవడం దేనికి? తలుపుని రెండు చేతులతో పిచ్చిదానిలా కొట్టాను. ఫోన్ తీస్తే ఒక్క గీత సిగ్నల్ లేదు. ఆ పిల్ల కూడా ఇక్కడే నిలబడి ఇలాగే కొట్టి ఉంటుంది. తలుపు లోపలి వైపు, నా మొహం ఎత్తున, గోళ్ళతో గీకిన గీతలు కనిపించాయి. నేను కొట్టడం ఆపేశాను.

కూర్చుని ఏడిస్తే తలుపు తెరుచుకోదు. ఎందుకొచ్చిందో అది వెతుకు అని నన్ను నేనే తిట్టుకుని, ఫోన్ టార్చి వేశాను.

ఐదో బోరు ట్రేలు కుడివైపు మధ్య అరలో ఉన్నాయి. బూడిద పచ్చ రాయి, జానెడు జానెడు ముక్కలు, వాటి మధ్య అక్కడక్కడా చెక్కముక్కలు. ప్రతి చెక్క మీదా డ్రిల్లర్ లోతు రాస్తాడు. రాసి ఊరుకోడు, దాని మీదే మేకుతో గీకుతాడు. కోర్ చూసేవాళ్ళు రాయిని నీళ్ళతో తడుపుతారు, తడిస్తేనే రంగు తేలుతుంది. ఉత్త రాతైతే ఆ నీళ్ళకి చెరిగిపోతుంది. ఈ సంగతులన్నీ ఇందాక వంటగదిలో బావ చెప్పాడు. ఇంకోటి కూడా చెప్పాడు. వారం క్రితం భోజనాల దగ్గర డ్రిల్లర్ గొప్పలు పోయాడట: "తొమ్మిది బోర్లలో నా చేతిలో జానెడు రాయి కూడా పోలేదు మేడమ్!" చిన్న మేడమ్ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయిందట.

ఎందుకు ఆగిందో ఇప్పుడు తెలిసింది. తొంభై తొమ్మిదో మీటరు దగ్గర, నికెల్ ఉన్న మెరిసే పసుపు రాయి మధ్యలోనే ఆగిపోయి, అక్కడొక చెక్కముక్క ఉంది. "మూడు మీటర్ల రాయి రాలేదు" అని రాసి ఉంది. మేకు గీతలు లేవు. ఉత్త సిరా. ఆ సిరా తడిసి ట్రే పొడుగునా నీలంగా కారి ఎండిపోయింది.

ఖాళీ నీళ్ళ సీసా గుర్తొచ్చింది. తాగాల్సిన నీళ్ళు ఆ పిల్ల రాయి మీద పోసింది. తలుపు తెరుచుకోదని అప్పటికి తెలియదు కదా. తెలిసి ఉంటే కనీసం సగం దాచుకునేది.

ఆ చెక్కకి ముందున్న పసుపు రాయి ముక్క ఒకటి లేదు. దాని గుంట ఖాళీగా ఉంది. ఎనిమిదో బోరు ట్రే దగ్గరికి వెళ్ళాను. అక్కడ పసుపు రాయి మొదలయ్యే చోట కూడా ఒక గుంట ఖాళీ. రెండు ముక్కలు పోయాయి. పోయినవి డబ్బాలోంచి బయటికి వెళ్ళే దారి లేదు.

ఎవరూ చూడని చోట దాస్తుంది. నేనైనా అంతే చేస్తాను. ఒకటో బోరు, ఏమీ దొరకని బోరు, దాని ట్రేలు అడుగు అరలో దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. బోర్లా పడుకుని టార్చి కొట్టాను. మూడో ట్రేలో ఒక ముక్క మిగతావాటి కంటే కాస్త పైకి లేచి ఉంది. లాగాను. బరువుగా చేతిలోకి వచ్చింది.

రెండు రాళ్ళు, కొసకి కొస కలిపి, నీలం రంగు జడబ్యాండుతో నాలుగు చుట్లు చుట్టి ఉన్నాయి.

ఒక దాని మీద ఐదు అని, రెండో దాని మీద ఎనిమిది అని పెయింటు. బ్యాండు విప్పి విడదీశాను, మళ్ళీ కలిపాను. పగిలిన కుండ పెంకుల్లా అతుక్కున్నాయి. ఒక చోట పంటి గాటులాంటి సొట్ట. రెండో రాయిలో సరిగ్గా అక్కడే పన్ను. నాలుగు వందల మీటర్ల దూరంలో ఉండాల్సిన రెండు రాళ్ళు ఒకే రాయి. ఎనిమిదో బోరులో నికెల్ లేదు. ఐదో బోరులోంచి మూడు మీటర్లు తీసి ఎనిమిదో ట్రేలో పేర్చి, ఐదులో "రాలేదు" అన్న చెక్క పెట్టారు. డ్రిల్లర్ అయితే మేకుతో గీకేవాడు. ఇది ఏనాడూ రిగ్గు దగ్గర చేతులు తడుపుకోని మనిషి పని.

ఊపిరాడని డబ్బాలో, దాహంతో, ఇక బతకనని తెలిశాక కూడా, ఆ పిల్ల జడ విప్పి సాక్ష్యం కట్టి దాచిపెట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి కళ్ళలో తడి లేదు.

రెండూ యాభై. తల తిరుగుతోంది. వెనక మూల, జనరేటర్ మోత కాస్త తక్కువగా ఉన్న చోట, నేలకి ఆనుకుని ఇనుము తుప్పుపట్టి బొటనవేలంత కన్నం పడి ఉంది. అక్కడ ముక్కు పెట్టి పడుకున్నాను. బయటి గాలి కూడా వేడిదే, కానీ గాలి.

"చెల్లీ!"

కలేమో అనుకున్నాను. కన్నంలోంచి తడిగుడ్డ కొస ఒకటి దూరుకుంటూ లోపలికి వచ్చింది. అక్క కొంగు. నీళ్ళు కారుతున్నాయి. సిగ్గు లేకుండా నోట్లో పెట్టుకుని పీల్చాను.

"అక్కా! ఇన్‌స్పెక్టర్ ఏడి?"

"చిన్న మేడమ్ నోట్‌బుక్ రిగ్గు దగ్గర దొరికిందని మేనేజర్ గారు చెప్పారే. ఆయన బావని కూడా జీపులో ఎక్కించుకుని పోయాడు. తాళంచెవి మేనేజర్ గారికిచ్చి, 'రెండు నిమిషాలాగి తియ్యండి, కాస్త ఉడకనీ' అని నవ్వుతూ పోయాడు."

"నువ్వడగలేకపోయావా?"

"అడిగానే. ఇప్పటికి రెండుసార్లు అడిగాను." జనరేటర్ మోతలో ఆమె ఏడుపు నాకు కన్నంలోంచి ఊపిరిలా తగిలింది. "'నేను తీస్తాలే, నువ్వెళ్ళు' అన్నాడు. ఆ రోజు కూడా ఇదే మాటన్నాడు చెల్లీ."

నేను కొంగు వదిలేశాను.

"ఏ రోజు?"

"బుధవారం. ఆ పిల్ల నా దగ్గరికొచ్చింది. 'అక్కా, కాసేపు లోపల పనుంది, వాచ్‌మన్ బాబాయికి చెప్పకండి, ఆయన దాచలేడు. ఆయన రిగ్గుకెళ్ళాక ఒంటిగంటకి మేకు మీది తాళంచెవితో తలుపు తియ్యండి' అంది. సరేనన్నాను. ఒంటిగంటకి చూస్తే మేకు మీద గుత్తి లేదు. గాభరా వేసింది. ఎండ మండిపోతోంది. పరుగెత్తుకెళ్ళి మేనేజర్ గారికి చెప్పాను. సొరుగులోంచి తాళంచెవి తీశాడు. నేను తీస్తాలే, నువ్వెళ్ళు అన్నాడు. ఆయన అటు నడవడం నా కళ్ళతో చూశాను. తీశాడనుకున్నానే! వెళ్ళి గిన్నెలు తోముకున్నాను!"

"మరి రెండు రోజులు నోరెందుకు మూసుకున్నావు?"

"ఆ సాయంత్రమే పిలిచి చెప్పాడు. 'లోపల ఉంచింది నువ్వు, తాళం వేసింది నీ మొగుడు. నోరు తెరిస్తే ఇద్దరూ జైలుకే. మీ పిల్లని ఎవరు చూస్తారు?' అని. ఒక్కడు పోతే ఇంకొకరం మిగులుతాం అనుకున్నాను. నీకు ఫోన్ చేశాను, నువ్వే ఎలాగోలా కనిపెడతావని. నా నోటితో చెప్పకుండా నువ్వే కనిపెడతావని..."

అక్క మీద కోపం రావాలి. రాలేదు. నేను ఇనప డబ్బాలో ఉన్నాను, ఆవిడ ఏ డబ్బా లేకుండానే రెండు రోజులుగా అందులో ఉంది. నలభై ఐదేళ్ళుగా తెలిసిన మనిషి. చిన్నప్పుడు నా దెబ్బలు కూడా తనే తినేది.

"అక్కా, విను. నా చేతిలో రాళ్ళున్నాయి. అవి మోసాన్ని నిరూపిస్తాయి. ఆ పిల్లని ఎవరు చంపారో నిరూపించవు. అది నీ నోటిలోనే ఉంది. నువ్వు చెప్తే బావ బయటికొస్తాడు. చెప్పకపోతే నాలుగింటికి ఆయన పోతాడు, అంతకు ముందే నేను పోతాను."

"చెప్తే నన్ను పట్టుకుంటారేమో చెల్లీ."

"పట్టుకోవచ్చు. నేను అబద్ధం చెప్పను."

కొంగు కొస పట్టుకుని ఒకసారి లాగాను.

"వంటగదికి వెళ్ళు. రాడ్డు కొట్టు. ఆపకుండా కొట్టు. రిగ్గు నుంచి జీపులో నాలుగు నిమిషాలు. అందరి ముందూ చెప్పు. ఆయన నిన్ను మళ్ళీ ఒంటరిగా పిలవకముందే చెప్పు."

కొంగు నెమ్మదిగా కన్నంలోంచి జారి బయటికి పోయింది. అక్క సరేననలేదు. కాదనలేదు.

నేను రాళ్ళు రెండూ కలిపి బ్యాండు చుట్టాను, ఆ పిల్ల చుట్టినట్టే నాలుగు చుట్లు. వాచీ మీద మూడు గంటలా రెండు నిమిషాలు. మూడు. నాలుగు. వంటగది నలభై అడుగుల దూరం. ముసలమ్మ అయినా ఈపాటికి చేరుతుంది. మా అక్క ముసలమ్మ కాదు.

మూడూ ఐదుకి మొదటి దెబ్బ పడింది.

జనరేటర్ మోతని చీల్చుకుని వచ్చింది. రెండు. మూడు. నాలుగు. ఐదు.

ఆగింది.

ఐదంటే భోజనాల పిలుపు. రిగ్గు దగ్గర ఎవరో నవ్వుకుంటారు, వంటావిడకి మతిపోయింది, మూడింటికి భోజనమేంటని. నేను కళ్ళు మూసుకున్నాను. కొట్టు అక్కా. ఒక్కటి కొట్టు.

ఆరో దెబ్బ పడింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఇక లెక్క అందలేదు. పిచ్చిగా, తడబడుతూ, సుత్తి జారి మళ్ళీ పట్టుకున్నట్టు, ఆపకుండా మోగుతోంది. నేలకి ఆనించిన నా చెంపకి ఆ దెబ్బలు తెలుస్తున్నాయి. మా అక్క నోరు తెరిచింది. నేను ఎండిన గొంతుతో పెద్దగా నవ్వాను.

అదే క్షణంలో జనరేటర్ ఆగిపోయింది. బయట కంకర మీద అడుగుల చప్పుడు, తొందరగా. జీపు చప్పుడు ఇంకా ఎక్కడా లేదు. రాయిని రెండు చేతులతో పట్టుకుని లేచి, గోడకి ఆనుకుని నిలబడ్డాను.

అడుగులు తలుపు దగ్గర ఆగాయి. తాళంలో చెవి తిరిగింది.

మా బావ అయితే ముందు మూడుసార్లు తట్టేవాడు.